నీళ్లను చూసి చేపను ఎంచుకోండి

(మల్దకల్ అక్షర కేంద్రంలో ఒక వలంటీరు టీచరు చేసిన ప్రసంగం)

అమ్మలారా! అక్కలారా! వదినలారా! 

మనది నడిగడ్డ. ఒక పక్క కృష్ణమ్మ. ఇంకో పక్క తుంగభద్రమ్మ. రెండు నదుల నడుమ ఉన్నా మనకు నీళ్ల బాధ చాలా ఏండ్లు తప్పలేదు. 1995లో జూరాల ప్రాజెక్టు ప్రారంభమైంది. తర్వాత నెట్టెంపాడు ఎత్తిపోతల నీళ్లు వచ్చాయి. బోర్లు పడ్డాయి. ఉపాధి హామీ పనుల్లో చేన్లల్లో నీటి గుంటలు తవ్వారు. కొందరి దొడ్లల్లో చిన్న గుంటలు ఉన్నాయి. చాలా ఇండ్లల్లో నీళ్ల హౌజు ఉంది.

నీళ్లు ఉన్నచోట చేపను పెంచుకోవచ్చు. కాని ఏ నీళ్లల్లో ఏ చేప? ఎన్ని చేపలు? ఈ రోజు అదే మన పాఠం.

చాలామంది ముందు చేపపిల్లలను కొంటారు. తర్వాత నీళ్ల సంగతి చూస్తారు. కొన్న పిల్లలు పది రోజుల్లో చచ్చి తేలుతాయి. "మాకు చేపలు అచ్చిరావు" అంటారు. అచ్చిరాకపోవడం కాదు అక్కా. ముందు నీళ్లను చూడాలి. తర్వాతనే చేపను ఎంచుకోవాలి.

ఇంటి హౌజులో

హౌజు చిన్నది. అందులో కూర చేప పెరగదు. కాని దోమలు పెరుగుతాయి. నీళ్లల్లో సన్న పురుగులు ఎగిరెగిరి కదులుతుంటాయి కదా! అవే దోమ పిల్లలు. వారం, పది రోజుల్లో వాటికి రెక్కలు వస్తాయి.

దోమకూ మలేరియాకూ ఉన్న సంబంధం బయటపడింది మన సికింద్రాబాదులోనే. 1897లో రొనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. డెంగీ దోమ పగలు కుడుతుంది. అది ఇంటి దగ్గర నిలిచిన నీళ్లల్లో గుడ్లు పెడుతుంది.

పశువులకు, వాడకానికి ఉంచే హౌజులో గప్పీ చేపలు వదలండి. అవి గోరంత చేపలు. దోమ పిల్లలను తింటాయి. పది గప్పీలు చాలు. అవి గుడ్లు పెట్టవు, పిల్లలనే కంటాయి. తొందరగా పెరుగుతాయి. ఎక్కువైతే పక్కింటి వదినకు ఇవ్వండి. చెరువులో, వాగులో మాత్రం వదలకండి. అక్కడి మన చేపలకు అవి చెరుపు చేస్తాయి.

తాగే నీళ్ల హౌజులో చేపలు వద్దు. దానికి మూత పెట్టండి. నల్లా నీళ్లల్లో బ్లీచింగు ఉంటుంది. అది చేపకు విషం. నల్లా నీళ్లను ఒక రోజు వెడల్పు తొట్టిలో ఎండకు ఉంచి పోయండి.

దొడ్డి గుంటలో

ఐదు అడుగుల లోతు నీళ్లు ఏడాది పొడుగునా నిలుస్తాయా? అయితే కూర చేప పెంచవచ్చు. మూడు రకాలు కలిపి వదలాలి.

బొచ్చె పై నీళ్లల్లో తింటుంది. రవ్వ నడుమ నీళ్లల్లో తింటుంది. దీన్నే రోహు అంటారు, శీలావతి అనీ అంటారు. మృగాల అడుగున కుళ్లిన ఆకు, చెత్త తింటుంది. ఒకదాని తిండికి ఇంకొకటి అడ్డం రాదు. ఒక ఇంట్లో ముగ్గురు తోడికోడండ్లు మూడు పనులు పంచుకున్నట్టు!

నీళ్లు ఐదారు నెలలే నిలుస్తాయా? అయితే కిలో చేపకు ఆశపడకండి. వానలు పడగానే కాస్త పెద్ద పిల్లలను తక్కువగా వదలండి. నీళ్లు మోకాలి లోతుకు దిగకముందే పట్టుకోండి.

కొర్రమీను మన తెలంగాణ రాష్ట్ర చేప. మృగశిర కార్తె వస్తే అందరికీ అదే కావాలి. కాని అది చిన్న చేపలను మింగుతుంది. బొచ్చె, రవ్వ పిల్లలతో దాన్ని కలపకండి.

ఆఫ్రికా క్యాట్ ఫిష్ పిల్లలను ఎవరైనా అమ్మితే కొనకండి. తొందరగా పెరుగుతుందని ఆశ పెడతారు. దాన్ని పెంచొద్దని మన దేశంలో 2000లోనే నిషేధించారు. అది తప్పించుకొని చెరువులో పడితే మిగతా చేపలన్నీ దాని నోట్లోకే.

ఎన్ని పిల్లలు?

"ఎక్కువ వదిలితే ఎక్కువ వస్తయి కదా టీచరమ్మా?" అని ఒక వదిన అడిగింది. మంచి ప్రశ్న.

ఒక గదిలో ఐదుగురు పడుకుంటే నిద్ర పడుతుంది. ఇరవై మంది పడుకుంటే గాలి ఆడదు. చేపకూ గాలి కావాలి. నీళ్లల్లో కలిసిన గాలినే అది పీలుస్తుంది.

ఇరవై చదరపు అడుగులకు ఒక చేప. ఇది గుర్తు పెట్టుకోండి. గుంట పొడవు 40 అడుగులు, వెడల్పు 25 అడుగులు. అంటే 1000 చదరపు అడుగులు. అందులో 50 పిల్లలు చాలు. బొచ్చె 20, రవ్వ 15, మృగాల 15.

వేలు పొడవున్న పిల్లలను తీసుకోండి. చల్లటి పూట వదలండి. తెచ్చిన సంచిని విప్పకుండా గుంట నీళ్లల్లో 20 నిమిషాలు తేలనివ్వండి. తర్వాత మూతి విప్పి గుంట నీళ్లు కొంచెం కొంచెం కలపండి. పిల్లలు వాటంతట అవే బయటికి ఈదిపోతాయి.

తిండి, పేడ

పిల్లలను వదలడానికి రెండు వారాల ముందు, వెయ్యి అడుగుల మట్టి గుంటకు రెండు కిలోల సున్నం చల్లండి. వారం తర్వాత 20 కిలోల పేడ వేయండి. తర్వాత నెలకు 10 కిలోలు. పేడతో నీళ్లు పచ్చబడతాయి. ఆ పచ్చదనంలోనే చేపకు తిండి పుడుతుంది.

మోచేతి వరకు చెయ్యి ముంచి చూడండి. మోచెయ్యి మునగకముందే అరచెయ్యి కనపడకుండా పోతే పచ్చదనం ఎక్కువైంది. పేడ ఆపండి. మోచెయ్యి మునిగినా అరచెయ్యి తేటగా కనపడితే పేడ చాలలేదు.

తవుడు, పల్లి చెక్క సమంగా కలిపి ముద్ద చేసి పెట్టండి. వంద కిలోల చేపకు రోజుకు రెండు కిలోల తిండి. 50 చేపలు, ఒక్కొక్కటి 100 గ్రాములు ఉంటే మొత్తం ఐదు కిలోలు. వాటికి 100 గ్రాముల తిండి చాలు. మిగిలిన తిండి కుళ్లి నీళ్లను చెడగొడుతుంది.

తెల్లవారి లేవగానే

వాకిలి ఊడ్చేముందు గుంటను చూడండి. చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తున్నాయా? అది ఆకలి కాదు. గాలి అందడం లేదు. రాత్రిపూట నీళ్లల్లోని పచ్చదనం కూడా గాలిని పీలుస్తుంది. అందుకే తెల్లవారుజామున గాలి తక్కువవుతుంది. మబ్బు పట్టిన రోజుల్లో ఇంకా తక్కువ.

వెంటనే తిండి ఆపండి. పేడ ఆపండి. కొత్త నీళ్లు పెట్టండి. బిందెతో నీళ్లు ముంచి పైనుంచి ధారగా పోయండి. నీళ్లు ఎగిరిపడితే గాలి కలుస్తుంది.

పత్తి మందుతో జాగ్రత్త

మన దగ్గర సీడ్ పత్తి ఎక్కువ. మందులు కొట్టడం ఎక్కువ. మందు పంపును గుంటలో కడిగితే చేపలన్నీ చస్తాయి. ఆ నీళ్లు తాగిన పశువుకూ ముప్పే. చేను నీళ్లు గుంటలోకి పారకుండా చుట్టూ కట్ట పోయండి. మందు వాసనతో చచ్చి తేలిన చేపను కూర వండకండి. అమ్మకండి. పూడ్చిపెట్టండి.

ఇంకో మాట. ఇది అన్నిటికన్నా పెద్దది. గుంటకు చుట్టూ కంప వేయండి. తడిక కట్టండి. చిన్నపిల్లలకు నడుము లోతు నీళ్లు కూడా ప్రాణం తీస్తాయి. ఆ కంచె వేయకుండా చేపలు వదలొద్దు.

లెక్క రాయండి

మీకు ఇప్పుడు రాయడం వచ్చు. ఒక నోటుబుక్కు పెట్టండి. ఏ తారీఖున ఎన్ని పిల్లలు వదిలారు? తవుడుకు ఎంత పెట్టారు? ఎన్ని చచ్చాయి? ఎన్ని కిలోలు అమ్మారు? ఇంట్లో ఎన్ని తిన్నారు? అన్నీ రాయండి. మీరు పెంచిన చేపకు ధర ఎంత రావాలో ఆ బుక్కు చెబుతుంది. బేరగాడు వచ్చినప్పుడు దాన్ని చూసి మాట్లాడండి. అనుమానం వస్తే గద్వాలలో మత్స్యశాఖ వారిని అడగండి. ఆ బుక్కు వెంట తీసుకుపోండి.

సెలవు.

ఆలోచించండి - రాయండి

1. మీ ఇంట్లో, చేన్లో నీళ్లు ఎక్కడెక్కడ నిలుస్తాయి? ఎన్ని నెలలు నిలుస్తాయి?

2. గుంట పొడవు 20 అడుగులు, వెడల్పు 10 అడుగులు. ఎన్ని చేపపిల్లలు వదలాలి?

3. చేపలు తెల్లవారి పైకి వచ్చి నోరు తెరిస్తే ఏం చేయాలి?

4. ఈ మాటలు చదవండి, రాయండి: బొచ్చె, రవ్వ, మృగాల, గప్పీ, కొర్రమీను, సున్నం, తవుడు, కంచె.