వృద్ధమార్జాల పరిచర్య



గ్రంథాలయ రజతోత్సవమున పిల్లి రోగమును గూర్చిన ప్రసంగ మేమని కొందరికి నవ్వు రావచ్చును. పుస్తకమునకు చెదపురుగు తరువాత పరమశత్రువు ఎలుక. చెదలకు మందున్నది, ఎలుకకు పిల్లి యున్నది. కావున చదువరులకు పిల్లి ఋణము కొంత లేకపోలేదు. ఈ మెట్టసీమలో ఆ ఋణము మరింత పెద్దది. నల్లమాడ 2022 ఏప్రిల్ నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినను, నేల మాత్రము పూర్వపు అనంతపురపు పీఠభూమియే, వాన కూడ పూర్వపు వానయే. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. ఎఱ్ఱనేలలో వేరుశనగ విత్తు రైతు మంచి కాయలను ఏరి, గోతముల కెత్తి, మరల తొలకరి వచ్చు వఱకు ఇంటనే దాచుకొనును. ఆ గోతమునకు ఎలుక కన్నము వేసెనా, విత్తనమునకు అప్పు చేయవలసినదే. ఆ గదిలో రాత్రులు కావలి కాయునది పిల్లి. దానికి జీతము లేదు, బత్తెము లేదు, సెలవు లేదు. పదేండ్లు కాచిన పిమ్మట దానికి ముసలితనము వచ్చును. అప్పుడు దానిని చూచువా రెవరు?

ఎద్దు మేత మానినచో పశువైద్యుని యొద్దకు తోలుకొని పోవుదురు. గొఱ్ఱె తుమ్మినను మందు పోయుదురు. పిల్లి చిక్కిపోయినచో, “ముసలిదైనది, అంతే” యని ఊరకుందురు. పిల్లికి 10 ఏండ్లనగా మనుష్యునికి 56 ఏండ్ల ప్రాయమునకును, 15 ఏండ్లనగా 76 ఏండ్లకును సరియని పశువైద్యులు లెక్క కట్టిరి. 56 ఏండ్ల మనిషి నాలుగు నెలలలో సగమైనచో ఎవరైనను “వయసు” అని సరిపెట్టుకొందురా?

తెనాలి రామకృష్ణుని పిల్లి కథ ఎఱుగని బాలుడు ఈ సీమలో లేడు. రాయలవారు ఎలుకల బాధ మాన్పుటకై ఇంటింటికి ఒక పిల్లిని, దాని పాలకై ఒక ఆవును ఇచ్చిరట. రామకృష్ణుడు తొలినాడే పొగలు గ్రక్కు పాలు పెట్టి దాని మూతి కాల్చెను. అది మొదలు పాలగిన్నె కనబడిన ఆ పిల్లి పరుగెత్తెడిది, చిక్కి శల్యమైనది. ఆ పిల్లి తినక చిక్కినది. ఇచ్చట చెప్పబోవు పిల్లి తినుచునే చిక్కును. రోగమును పట్టుకొనుటకు ఈ భేదమే మొదటి ఆనవాలు.

చిన్నయసూరి నీతిచంద్రికలోని దీర్ఘకర్ణుని వలనను, వ్యాసభారతపు ఉద్యోగపర్వమున గంగాతీరమందు దొంగతపము చేసిన పిల్లి వలనను, ఈ జాతికి కపటియను పేరు స్థిరపడినది. మహాబలిపురపు శిల్పులు సైతము తపస్సు చేయు పిల్లిని, దాని చెంత ఎలుకలను కొండరాతిపై చెక్కి ఆ అపకీర్తిని శాశ్వతము చేసిరి. పిల్లి ఆకలిని గుణదోషముగా చూచుట అప్పటినుండి అలవాటైనది కాబోలు. అందుచేతనే, ముసలి పిల్లి ఉన్నట్లుండి వంటయింట ఉట్టి కెగిరి, మూత త్రోసి, కూడు దొంగిలించినచో ఇల్లాలు చీపురు తీయును. అది రాత్రి యెల్ల గోడల వెంట తిరుగుచు వికృతముగా అఱచినచో “దయ్యము పట్టిన” దందురు. గోతములో కట్టి ఊరిబయట వదలి వచ్చువారును కలరు. రోగికి దండన! ఇంతకన్న అన్యాయ మేమున్నది?

ఆ ఆకలికి మూలము కడుపున లేదు, మెడలో నున్నది. కంఠనాళమునకు ఇరుప్రక్కల రెండు చిన్న తమ్మెలుగా నుండు అవటుగ్రంథి, ఇంగ్లీషున థైరాయిడు, మనుష్యులకు వలెనే పిల్లులకును కలదు. ఆహారములోని అయొడినును గ్రహించి ఈ గ్రంథి ఒక రసమును చేసి రక్తములోనికి విడుచును. దేహములోని ప్రతి కణము ఎంత వేగముగా పని చేయవలెనో, ఎంత ఇంధనము కాల్చవలెనో ఆ రసము నిర్ణయించును. వార్ధక్యమున కొన్ని పిల్లులలో ఈ గ్రంథి ఉబ్బి, అదుపు తప్పి, అవసరమునకు మించి రసమును పోయసాగును. అప్పుడు గుండె పరుగెత్తును, ప్రేగు తొందరపడును, కండ కరగును. జమ పెరిగినను ఖర్చు అంతకు మించి పెరిగిన చిట్టావలె, రోజురోజునకు నిలువ తగ్గుచుండును. “తిన్నది ఒంటికి పట్టలేదు” అని పల్లెలో అనుమాట అక్షరాల సత్యము. ఇట్లుబ్బిన గ్రంథులలో నూటికి తొంబదియైదు పైగా క్యాన్సరు కాని మామూలు కంతులే. ఇది ధైర్యము నిచ్చు మాట.

మనుష్యుల మెడకాయలకు ఈ దేశమున పేరు పాతది. సుశ్రుతుడు గలగండమని వర్ణించినది ఇదే. గండమాల వేఱు; ఆ రెండింటిని కలిపి చెప్పుట పొరపాటు. మనుష్యులలో గలగండము సాధారణముగా అయొడిను లోపమున పుట్టును. ఈ విషయమున తెలుగువారు స్మరింపదగిన పేరొకటి కలదు. శ్రీకాకుళమున 1921లో జన్మించి, విశాఖపట్టణపు ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామిగారు 1956లో హిమాలయపు కాంగ్రా లోయలో పరీక్ష నారంభించిరి. కొన్ని గ్రామములకు అయొడిను కలిపిన ఉప్పును, ఒక భాగమునకు మామూలు ఉప్పును పంచి ఏండ్ల తరబడి పోల్చి చూచిరి. అయొడిను ఉప్పు తిన్న చోట్ల గలగండము తగ్గినది. 1962లో భారత ప్రభుత్వము జాతీయ గలగండ నివారణ కార్యక్రమమును చేపట్టినది. ఇంటింటి ఉప్పుపొట్లము వెనుక ఇంత కథ యున్నది. పిల్లి రోగము దీనికి తలక్రిందులు: లోపము కాదు, అతిశయము. పిల్లులలో దీనిని మొదట గుర్తించి ప్రకటించినది 1979లో, అమెరికాలోని న్యూయార్కు నగరమున. పిమ్మట నాలుగైదు దశాబ్దములలో, ముసలి పిల్లుల గ్రంథిరోగములలో అన్నిటికన్న విరివియైనది ఇదియే యని పలుదేశముల వైద్యులు కనుగొనిరి. పదేండ్లు దాటిన పిల్లులకే ఎక్కువగా వచ్చును.

ఆకలి, చిక్కుట, అఱపులు కాక మరికొన్ని గుర్తులున్నవి. నీరు అధికముగా త్రాగును, మూత్రము అధికముగా పోయును. తఱచు వాంతి, కొన్నిటికి విరేచనములు. ఒళ్ళు నాకుకొనుట మాని వెండ్రుకలు జడలు కట్టును. ఎండకాలమున వెచ్చని చోటు మాని బండపరుపుపై చాచుకొని పండుకొనును. వైద్యుడు వ్రేళ్ళతో తడవినచో మెడలో శనగగింజ వంటి గడ్డ తగులవచ్చును. కొన్ని మాత్రము ఆకలి చచ్చి నీరసించును. అట్టివానిలో గుర్తించుట కష్టము. నులిపురుగులు, మధుమేహము, మూత్రపిండముల రోగము కూడ పిల్లిని చిక్కించును గనుక, ఇంటివారు తామే తేల్చుకొనరాదు. రక్తము తీసి టి-4 అను రసము కొలుచుటయే నిర్ణయము. దానితోపాటు మూత్రపిండముల పరీక్షయు, రక్తపు పోటు పరీక్షయు చేయించుట మేలు. పోటు మితిమీరినచో కంటి లోపలి పొర ఊడి పిల్లి ఒక్కరాత్రిలో గ్రుడ్డిదగును. పట్టపగలు కూడ కనుపాప పెద్దదిగా తెఱచియుండి, పిల్లి గడపలకు తగులుకొనుచున్నచో ఒక్క దినమైనను జాగు చేయరాదు.

చికిత్సలు నాలుగు. రేడియో ధర్మము గల అయొడినును సూదితో ఎక్కించుట మొదటిది. గ్రంథి దానిని త్రాగి తానే చల్లబడును. నూటికి సుమారు తొంబదియైదు పిల్లులకు ఒక్క మారుతోనే నయమగును. కాని దానికి ప్రత్యేక వైద్యశాలలు కావలెను, పిల్లిని కొన్నినాళ్ళు వేఱుగా ఉంచవలెను. వేరుశనగ రైతు మాటలాడుకొన వలసిన దారి కాదిది. శస్త్రచికిత్స రెండవది. గ్రంథి నంటియుండు మరి చిన్న గ్రంథులకు దెబ్బ తగిలినచో రక్తమున సున్నపు ధాతువు పడిపోయి ఈడ్పులు వచ్చును గనుక, నేర్పరి చేయవలసిన పని. అయొడిను మిక్కిలి తక్కువగా నుండు ప్రత్యేకాహారము మూడవది. అది తప్ప మరొక మెతుకు ముట్టని పిల్లికే అది పనిచేయును. గోతముల మధ్య ఎలుకను పట్టి తిను పిల్లికి పథ్యము చెప్పుట ఎవరి తరము?

మిగిలినది మాత్ర. మెథిమజోలు, కార్బిమజోలు అను రెండు మందులు గ్రంథి రసము చేయుటనే అడ్డగించును. రెండవది దేహములో మొదటిదిగా మారును. ఇవి రోగమును నిర్మూలింపవు, అదుపులో ఉంచును. బ్రతికినన్నాళ్ళు వేయవలసినదే, సాధారణముగా దినమునకు రెండు మార్లు. రెండు మూడు వారములలో రసము దిగివచ్చును. అప్పుడు మరల రక్తము చూపి మోతాదు సరిచేయించుకొనవలెను. ఈ రెండవ పరీక్ష మానువారే ఎక్కువ, మానకూడనిదియు ఇదే. ఏలయన గ్రంథి ఉధృతముగా నున్నంత కాలము మూత్రపిండములకు రక్తము ఎక్కువగా పాఱి, వాని రోగము మఱుగున నుండును. గ్రంథి అణగగానే అది బయటపడును. మోతాదు ఎక్కువైనచో మూత్రపిండములకు మరింత చేటు. మొదటి మూడు నెలలలో వాంతులు, ఆకలి మందగించుట, మొగమును గోళ్ళతో రక్తము కారునట్లు గీఱుకొనుట కనబడినచో మందు నిలిపి వెంటనే వైద్యునికి చెప్పవలెను.

ఇచ్చట ఒక ప్రమాదమును గూర్చి గట్టిగా చెప్పక తప్పదు. నేడు అనేక గృహములలో ఎవరో ఒకరు, తఱచుగా స్త్రీలు, ఉదయమున లేవగానే థైరాయిడు మాత్ర వేసికొనుచున్నారు. అది గ్రంథి రసము చాలని వారికి ఇచ్చు రసమే. పిల్లికి కూడ థైరాయిడే గదా యని ఆ మాత్రలో ముక్క విఱిచి పెట్టినచో, మండుచున్న వామిపై కిరోసిను పోసినట్లగును. పేరొకటి, రోగములు ఎదురెదురు. కార్బిమజోలు మాత్ర మనుష్యుల అంగడిలో దొరకును గదా యని వైద్యుని అడుగక వేయుటయు తప్పే. జ్వరమని, నొప్పియని పారసిటమాలు వేయుట పిల్లికి మరణశాసనము; ఒక్క మాత్ర చాలు. గర్భిణీ స్త్రీలు మెథిమజోలు మాత్రను వట్టిచేతులతో తాకరాదు, పొడి చేయరాదు. గర్భస్థ శిశువునకు హాని కలుగవచ్చును. ఆ పని ఇంట మరొకరు చేయవలెను, చేసి చేతులు కడుగుకొనవలెను.

మాత్ర వేయుట కూడ ఒక విద్య. మాంసపు తునకలోనో, చేపముక్కలోనో దాచి పెట్టినచో ఆకలిగొన్న పిల్లి చాలవఱకు మ్రింగును. మాంసము వండని యింట మాత్రకు కొంచెము నేయి పూసి నాలుక వెనుకకు జార్చవచ్చును. ఎట్లు వేసినను వెంటనే రెండు చెంచాల నీరో, కొంత ఆహారమో లోపలికి పోవలెను; పొడిమాత్ర గొంతులో నిలిచి పుండు చేయును.

ఇక ఇంటి పరిచర్య. ఈ సీమలో ఏప్రిలు, మే నెలల ఎండ 40 డిగ్రీలు దాటును. ఆరోగ్యము గల పిల్లికే అది కష్టకాలము. ఈ రోగికి దేహమే ఒక పొయ్యి; పైన సూర్యుడు, లోపల గ్రంథి. నీరు కొఱతయైన ఊరిలో పిల్లికి నీరేమిటని అనుకొనరాదు. మూత్రము అధికముగా పోవు పిల్లికి ఒక్కపూట నీరు లేకపోయినను ఒళ్ళు వాడిపోవును. వెడల్పైన మట్టిచిప్పలు రెండు మూడు, ఒకటి గోతముల గదిలో, ఒకటి వసారాలో, ఉదయము సాయంకాలము కడిగి నింపవలెను. అటకమీది పిల్లి దిగి వచ్చుటకు ఓపిక లేనిదైనచో పక్కనే ఒకటి. పాలు పోసి ధర్మము చేసితిమని సంతోషించుట వలదు. పెద్ద పిల్లులలో చాలవానికి పాలు అఱగక విరేచనములగును. మజ్జిగ అన్నముతో కండ రాదు. పిల్లి స్వభావముచేత మాంసాహారి. కరగిన కండ మరల కట్టుటకు గ్రుడ్డో, మాంసమో, చేపయో కావలెను. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర మాత్రము పెట్టరాదు, రక్తకణములు చెడును.

అన్నిటికన్న సులభమైన పని తూకము. నాలుగు కిలోల పిల్లి నాలుగు వందల గ్రాములు తగ్గినచో చేతికి తెలియదు, కంటికి తెలియదు. కాని అది పదవ వంతు. అఱువది కిలోల మనిషి ఆరు కిలోలు తగ్గుటతో సమానము. నెలకొకసారి పిల్లిని గంపలో కూర్చుండబెట్టి కాటాపై తూచి, గంప బరువు తీసివేసి, తేదీతో వ్రాసి ఉంచవలెను. వడ్డీ లెక్క పైసలతో వ్రాసికొను ఊరిలో ఇది పెద్దపని కాదు. మరొక లెక్క: పిల్లి గాఢముగా నిద్రించునపుడు దాని డొక్క ఎన్నిమారులు లేచి పడునో ఒక నిమిషము పాటు ఎంచవలెను. ముప్పది లోపున్నచో భయము లేదు. పలుమార్లు ముప్పది దాటినచో గుండె అలసిపోవుచున్నదేమో యని వైద్యునికి చూపవలెను.

అన్ని యిండ్లకు జీవితాంతము మందు కొను శక్తి యుండదు. ఆ మాట దాచి ప్రయోజనము లేదు. కరవు వచ్చి పశువులకు గ్రాసము లేనినాడు పిల్లి మాత్రలకు పైకము తెమ్మనుట నిర్దయ. అట్టివారు కూడ చేయగలిగినది కొంత యున్నది: నీరు, నీడ, కొంచెము మంచి తిండి, కొట్టకుండుట. ఎంత చేసినను లేవలేక, తినలేక, ఊపిరి కష్టమైన స్థితికి వచ్చినచో బాధ లేకుండ సాగనంపుమని వైద్యుని అడుగుటకు సిగ్గుపడ నక్కఱలేదు.

వైద్యునికి చూపదలచినవారు మొదట దగ్గరి పశువైద్యశాలకే పోవలెను. అచ్చట సాధ్యము కానిచో కదిరి దాటి మదనపల్లె మీదుగా తిరుపతికి దారి యున్నది. అచ్చటి పశువైద్య కళాశాల 1955లో స్థాపితమైనది. ఎండ ఎక్కక ముందే బయలుదేరవలెను. మూత గల వెదురుగంపలో దాని పాత పక్కగుడ్డ పఱచి పిల్లిని ఉంచవలెను. తన వాసన గల గుడ్డపై అది అంతగా బెదరదు. ఈ రోగము గల పిల్లిని బలవంతముగా అదిమి పట్టినచో గుండె తట్టుకొనక పోవచ్చును గనుక, నోరు తెఱచి రొప్పసాగినచో వెంటనే విడిచి ఊరట చెందనీయవలెను. తూకము వ్రాసిన కాగితము, వేయుచున్న మాత్రల అట్ట, ఆ రెండును మఱువక వెంట తీసికొని పోవలెను.