ఉద్దానం తోటల్లో పోరు
(బారువలో చేసిన ప్రసంగం)



ఒక దేశం వాళ్ళు రెండుగా చీలి తమలో తామే కొట్టుకుంటే దాన్ని అంతర్యుద్ధం అంటారు. కొరియాలో, వియత్నాంలో అలా జరిగింది. మన శ్రీకాకుళంలో జరిగింది అంత పెద్దది కాదు. కానీ ఒకే ఊరి వాళ్ళు రెండు పక్షాలయ్యారు.

మొదలు కొండల్లో. షావుకారు అప్పిచ్చి కాగితం మీద వేలిముద్ర వేయించుకునేవాడు. అందులో ఏముందో గిరిజనుడికి తెలీదు. భూమి పోయేది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే గిరిజనులను భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. మరుసటేడు నవంబరులో సాయుధ పోరాటం మొదలైంది. అదే నెలలో మన గరుడభద్రకూ పాకింది.

ఇప్పుడు మన తోటలు చూడండి. జీడిచెట్ల కింద పదడుగుల దూరంలో మనిషి కనబడడు. దాక్కోడానికి బాగుంది. కానీ వెనక సముద్రం! ముందు రైలుకట్ట, పెద్దరోడ్డు. అవి దాటితేగాని కొండలెక్కలేరు. ఆ దారులు కాస్తే చాలు. పోలీసులకు రైఫిళ్ళు, లారీలు, వైర్‌లెస్ ఉన్నాయి. వీళ్ళకు నాటుతుపాకులు, బల్లేలు, బాణాలు.

బొడ్డపాడు పంచాది కృష్ణమూర్తినీ మరో ఆరుగురినీ 1969 మే 27న జలంత్రకోట దగ్గర పోలీసులు కాల్చేశారు. 1970 జూలై 10న వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం పోయారు. పోరాటం చితికిపోయింది. ఆ మూడేళ్ళలో షావుకార్లూ చచ్చారు, పోలీసులూ చచ్చారు. ఇద్దరికీ భయపడి బతికిన ఊళ్ళెన్నో.

1959 నాటి భూమి చట్టాన్ని ప్రభుత్వం 1970లో గట్టిచేసింది. ఏజన్సీలో గిరిజనేతరుడు భూమి కొన్నా చెల్లదు. ఇన్ని చావులయ్యాక! మన ఉద్దానం ఏజన్సీ కాదు. ఆ చట్టం ఇక్కడికి రాలేదు.