పాత రేడియోకి కొత్త మెరుపు

ఈవేళ వంటల సంగతీ కాదు, అల్లికల సంగతీ కాదు. మీ అటకమీద గోనెపట్టా కింద పడివున్న పాత రేడియో సంగతి మాట్లాడుకుందాం.

మా ఇంట్లో ఒకటుంది. మా మామగారు 1959లో కొన్న మర్ఫీ, వాల్వుల సెట్టు. మెకానిక్ వాల్వులు మార్చి మళ్ళీ పాడించాడు. కాని ముఖం చూస్తేనే దిగులు! డయలు చుట్టూ వున్న పట్టీ తుప్పుపట్టింది. నాబుల రింగులు నాలుగూ పొక్కులు లేచాయి. "దానికి మళ్ళీ క్రోము వేయించమ్మా, కళ్ళుండగా చూస్తాను" అన్నారు మా అత్తగారు. మేముండేది రామచంద్రాపురంలో. పటాన్‌చెరు ఎంత దూరం గనక! మెకానిక్ చేత ముక్కలు విప్పించి సంచిలో వేసుకుని బయలుదేరాను. (మీరు మాత్రం విప్పబోకండి. ప్లగ్గు తీసినా వాల్వు సెట్టులో కరెంటు కొంతసేపు నిలవుంటుంది.)

క్రోము పూత అంటే మనం కళాయిలాంటిదే అనుకుంటాం. ఇత్తడి గిన్నెలో పులుసు చిలుమెక్కకుండా వేయించే కళాయి ఒకటే పూత. ఇది అలా కాదండీ. ముందు పాత పూతను ఊడదీస్తారు. తర్వాత బఫింగు చక్రంమీద నున్నగా రుద్దుతారు. ఆపైన రాగి, దానిమీద నికెల్, చిట్టచివర క్రోమియం, అన్నీ తొట్లలో ముంచి కరెంటుతో పట్టించేవే. మెరుపంతా నిజానికి ఆ రుద్దుడుదీ, నికెల్‌దీ. పైనున్న క్రోమియం పొర సుమారు పావు మైక్రాను, అంటే తలవెంట్రుక మందంలో రెండువందల వంతు కూడా వుండదు. కింది మెరుపు మాయకుండా కాపలా కాయడం దాని పని. అందుకని తుప్పు గుంటలు పోయేలా రుద్దకుండా పూత వేస్తే గుంటలే ముందు కనబడతాయి. "రుద్దకుండా చవగ్గా చేసిపెడతాం" అనేవాళ్ళకి ఇవ్వకండి. అక్షరాలు చెక్కివున్న ముక్కయితే మరీ ఎక్కువ రుద్దొద్దనండి, పేరే అరిగిపోతుంది.

నేను చేసిన పొరపాటు కూడా చెబుతాను. రింగులు ఏ లోహమో చూసుకోలేదు. అవి మజాక్, అంటే జింకుతో పోతపోసినవి. నేను వెళ్ళిన మొదటి షాపులో కుర్రాడు ఇనప పట్టీతోపాటు రెండు రింగుల్ని కూడా ఆమ్లంలో పడేశాడు. బుసబుసమంటూ నురగ! తీసేసరికి అవి అప్పడాల్లా చిల్లులు పడ్డాయి. మిగతా రెండూ వేయబోతుంటే అరిచి ఆపాను. కాబట్టి వెళ్ళేముందు ఒక అయస్కాంతం దగ్గర పెట్టి చూడండి. అంటుకుంటే ఇనుము. అంటుకోకుండా పొక్కుకింద పసుపుగా కనబడితే ఇత్తడి. బూడిదరంగుగా వుంటే మజాక్ కావచ్చు, దాన్ని విడిగా, వేరే పద్ధతిలో చేయాలని గట్టిగా చెప్పండి.

రింగులు పోతే పోయాయి. ఆ షాపు వెనకవైపు చూసిందే నా మనసులోంచి పోలేదు. ముక్కలు కడిగిన పసుపురంగు నీళ్ళు తిన్నగా కాలవలోకి పోతున్నాయి. కుర్రాడి చేతులకి తొడుగుల్లేవు, ముక్కుకి గుడ్డ లేదు. ఆ పసుపురంగు హెక్సావాలెంట్ క్రోమియానిది. తొట్టిమీద లేచే తుంపర ఏళ్ళతరబడి పీలిస్తే ముక్కు మధ్యగోడ పుండుపడి చిల్లు పడుతుంది, ఊపిరితిత్తులకి కాన్సరు రావచ్చు. తాగేనీళ్ళలో క్రోమియం లీటరుకి 0.05 మిల్లీగ్రాములు మించకూడదని మన దేశపు ప్రమాణం.

ఈ ప్రాంతంలో నీళ్ళ గొడవ ఈనాటిది కాదు. మందుల, రసాయనాల ఫ్యాక్టరీల వ్యర్థాలతో నక్కవాగు పాడయిందని 1990లో సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 2017లో గ్రీన్ ట్రైబ్యునల్ తీర్పుదాకా ఆ కేసు నడిచింది. పటాన్‌చెరు వైద్యులు డాక్టర్ కిషన్‌రావుగారు ఈ పోరాటంలో ఎన్నో ఏళ్ళు నిలబడ్డారు. ఆ వాగు వెళ్ళి కలిసేది మంజీరలో. ఫ్యాక్టరీలను తిట్టుకునే నేను, నా రేడియో పట్టీ కోసం ఇంకో చెంబెడు విషం పోయించానన్నమాట!

పూత ఊడిన పట్టీని వెనక్కి తెచ్చేసుకున్నాను. ఇంకో షాపులో ముందే అడిగాను, "కడిగిన నీళ్ళు ఏం చేస్తారండీ?" అని. కోప్పడతాడనుకున్నాను గాని, యజమాని చెక్కమూత తీసి తొట్టి చూపించాడు. ఆమ్లం, సోడియం మెటాబైసల్ఫైటు కలిపితే పసుపు నీళ్ళు ఆకుపచ్చగా మారతాయి. అప్పుడు సున్నం వేస్తే క్రోమియం మడ్డిగా అడుక్కి దిగుతుంది. దాన్ని బస్తాలకెత్తి దుండిగల్ దగ్గర ప్రమాదకర వ్యర్థాలు పూడ్చే చోటికి పంపుతారట. రసీదులు కూడా చూపించాడు. రేటు మొదటి షాపుకన్నా బాగా ఎక్కువే. బేరమాడలేదు.

అసలు చాలా ముక్కలకి కొత్త పూత అక్కర్లేదు, పట్టింది జిడ్డే. గోరువెచ్చని సబ్బునీళ్ళలో తడిపి పిండిన మెత్తని గుడ్డతో తుడిచి, ఆరాక పల్చగా మైనం రాయండి. ఇత్తడి తోమే పొడి, చింతపండు దగ్గరికి రానివ్వకండి. మిగిలిన రింగులు రెండూ నేనలాగే తుడిచి పెట్టేశాను.

పట్టీ రావడానికి మూడు వారాలు పట్టింది. బిగించాక అత్తగారు అద్దంలో చూసుకున్నట్టు దాంట్లోకి చూసి, "రింగులు పాతవేనా?" అన్నారు.

"పాతవే అత్తయ్యా. మిగిలినవి రెండే" అన్నాను.