ఇల్లు అద్దెకు కావాలంటే ప్రాణం కాపాడాలా?

(మచిలీపట్నంలో కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన పిల్లలు తీసిన ఆరు నిమిషాల చిత్రాన్ని మూడు చోట్ల ప్రదర్శించాము. మొదట ఇక్కడ బందరులో, తరువాత గుడివాడలో, చివరగా దివిసీమలో అవనిగడ్డ దగ్గరి ఒక పల్లెలో. ప్రతిచోటా చిత్రం ముగియగానే చూసినవారి మాటలు రాసుకున్నాము. ఉద్యోగ జీవితమంతా ఫైళ్ళలో నోట్ రాసిన చేతికి అది పెద్ద పనేమీ కాదు. ఆ పుస్తకంలోని మాటలను మీ ముందు ఉంచి, వాటి నుండి మనం గ్రహించవలసిన ఒక్క విషయం చెప్పడానికే ఈ ప్రసంగం.

ముందుగా ఆ పోటీ సంగతి. గడువు పెట్టి సినిమా తీయించే పోటీలు ఇప్పుడు ప్రపంచమంతటా జరుగుతున్నాయి. 2001లో అమెరికాలోని వాషింగ్టన్ నగరంలో మొదలైన ‘ఫార్టీ ఎయిట్ అవర్ ఫిలిం ప్రాజెక్ట్’ వీటిలో పేరున్నది. శుక్రవారం సాయంత్రం ప్రతి జట్టూ చీటీ తీసి తన కథ ఏ తరహాదో తెలుసుకుంటుంది. ఒక పాత్ర, ఒక వస్తువు, ఒక మాట అందరికీ ఒకటే ఇస్తారు. ఆదివారం సాయంత్రానికల్లా రాయడం, తీయడం, కూర్చడం, సంగీతం అన్నీ పూర్తి కావాలి. మన దేశంలో 2011లో మొదలైన ‘ఇండియా ఫిల్మ్ ప్రాజెక్ట్’ 50 గంటల గడువుతో ఇటువంటి పోటీనే నిర్వహించింది. మన పిల్లలు పాల్గొన్నది ఇదే పద్ధతిలో జరిగిన ఒక చిన్న పోటీ. వారికి వచ్చిన వస్తువు తాళం చెవి, గడువు 48 గంటలు. చేతిలో ఉన్నవి రెండు సెల్‌ఫోన్లు, అడిగి తెచ్చుకున్న ఒక లాప్‌టాప్.

కథ చూడనివారి కోసం క్లుప్తంగా చెబుతాము. బందరు కుర్రవాడికి గుడివాడలో ఉద్యోగం వస్తుంది. ‘టు లెట్’ బోర్డు కనిపించిన ప్రతి ఇంటి తలుపూ తడతాడు. పేరు చెప్పగానే ఇల్లు లేదంటారు. మూడవ ఇంటి యజమాని కసిరి పంపేస్తాడు. ఆ రాత్రి వానలో ఆ యజమానే జారి పడతాడు. కుర్రవాడు అతనిని ఆసుపత్రికి మోసుకుపోయి రక్తం ఇస్తాడు. తెల్లవారి యజమాని కన్నీళ్ళతో తాళం చెవి చేతిలో పెడతాడు. ఇదీ కథ. బహుమతి రాకపోయినా, మనసును కదిలించే సందేశం ఉన్నదని న్యాయనిర్ణేతలు మెచ్చుకుంటూ రాశారు.

దూరపువారు మెచ్చుకున్న ఆ సందేశమే మనవారిని ఇబ్బంది పెట్టింది. అది ఎందుకో ఆలోచించాలి.

బందరులో చప్పట్లు బాగానే మోగాయి. చప్పట్లు ఆగిన తరువాత ఒక పెద్దాయన, “ఆ అబ్బాయి నిద్రలో కూడా టోపీ తీయలేదేం బాబూ?” అని అడిగారు. అందరూ నవ్వారు. తీసిన పిల్లలూ నవ్వారు. వారెవరూ ఇంట్లో టోపీతో పడుకోరు. అయినా తెరమీద ముస్లిం అని తెలియాలంటే టోపీ ఉండాలని ఎవరూ చెప్పకుండానే అనుకున్నారు.

గుడివాడలో ఒక సోదరి లేచి అన్న మాట మా పుస్తకంలో యథాతథంగా ఉన్నది. “మేము ఏడాదిలో నాలుగు ఇళ్ళు అడిగాం. మా ఇంటాయనకి ఎవరికీ రక్తం ఇచ్చే అవకాశం రాలేదు. మరి మాకు ఇల్లెవరిస్తారు?” ఆ మాటకు సభలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అక్కడికి వచ్చిన ఒక హిందూ మిత్రుడు, తానూ ఇంటి యజమానే, మరొక సంగతి చెప్పారు. “మీ ఓనరు మరీ మొరటుగా ఉన్నాడండీ. మా వీధిలో ఎవరూ అలా కసరరు. మంచినీళ్ళిచ్చి కూర్చోబెడతారు. బంధువులు వస్తున్నారంటారు, నీచు వంట పడదంటారు. నవ్వుతూనే పంపేస్తారు.” తలుపు తట్టి తిరిగి వచ్చినవారికి ఆ నవ్వు బాగా తెలుసు. చిత్రంలో అది లేదు.

దివిసీమలో మరి రెండు మాటలు వినవచ్చాయి. చిత్రంలో కుర్రవాడి తండ్రి పాత్ర వచ్చీ రాని తెలుగు మాట్లాడుతుంది. నూర్‌బాషా కుటుంబానికి చెందిన ఒక అవ్వ, “మేం పుట్టిన కాడ్నించీ ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటన్నాం. మీ సినిమాలో సాయిబుకి తెలుగు ఎందుకు రాదయ్యా?” అని అడిగింది. ఆ పాత్ర వేసిన కుర్రవాడు తెలుగు మాధ్యమంలో చదివినవాడు. రెండవ మాట, 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను తప్పించుకుని బయటపడిన ఒక వృద్ధునిది. “మర్నాడు పోయినోళ్ళని మోశాం, బతికినోళ్ళని మోశాం. ఎవరి పేరూ అడగలేదు. మోసినందుకు ఎవరినీ ఏమీ అడగలేదు. మనిషిని మోస్తే ఇల్లిస్తారా?” వేలాదిమందిని సముద్రం మింగిన నేలమీద నిలబడి అడిగిన ప్రశ్న అది.

ఈ మాటలన్నీ ఒకచోట పెట్టి చూస్తే మాకు తోచినది ఇది. గడువు తక్కువైనపుడు ఆలోచించి ఏరుకునే తీరిక ఉండదు. మనసులో ముందే తయారుగా ఉన్న బొమ్మ బయటికి వస్తుంది. ఆ బొమ్మను అక్కడ పెట్టినది ఎవరు? ఏళ్ళ తరబడి మనం చూసిన సినిమాలు. వాటిలో సాయిబు రెండు రకాలు. భయపెట్టేవాడు ఒకడు, కథానాయకుని కోసం ప్రాణమిచ్చే నమ్మకస్తుడు మరొకడు. మొదటివానిని చూసి మనం బాధపడతాము. రెండవవానిని చూసి సంతోషిస్తాము. కాని ఆ రెండవవాడు కూడా ఒక షరతు మోసుకు తిరుగుతున్నాడు. త్యాగం చేసి చూపితేనే తాను మంచివాడు. మన పిల్లలు ఆ షరతునే, తెలియకుండానే, తమ కథగా చెప్పారు.

ఇల్లు అద్దెకు అడిగేవాడు నెలనెలా అద్దె కట్టగలిగితే చాలు. మంచి మనసును నిరూపించుకోవలసిన పని అతనికి లేదు. హక్కును మెహర్బానీగా మార్చి చూపే కథ ఎంత కన్నీరు తెప్పించినా మన కథ కాదు. ఇక్కడ చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. రాజ్యాంగంలోని 15వ అధికరణం మతం పేరుతో దుకాణాలలో, హోటళ్ళలో, బావుల దగ్గర, రోడ్లమీద అడ్డుకోరాదని స్పష్టంగా చెప్పింది. ప్రైవేటు ఇంటిని అద్దెకు ఇవ్వడం గురించి అందులో నేరుగా ఒక్క మాట లేదు. సభ్యత్వాన్ని పార్సీలకే పరిమితం చేసుకున్న ఒక గృహనిర్మాణ సహకార సంఘం నియమాన్ని 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది. కనుక ఇంటి విషయంలో మనకున్న రక్షణ పలుచనిది. అటువంటపుడు, ఫలానా పని చేస్తే ఇల్లు దొరుకుతుందని ఓదార్చడం కంటే, దొరకడం లేదని ఉన్నది ఉన్నట్లు చూపడమే మేలు.

అయితే పిల్లల పని వ్యర్థమని మేము అనడం లేదు. గడువు మరొక మేలు కూడా చేసింది. చిత్రంలో మూడు క్షణాలపాటు ఒక తల్లి కిటికీ దగ్గర కూర్చుని రోల్డ్ గోల్డ్ నగకు రాళ్ళు అతికిస్తూ కనిపిస్తుంది. అది రాసుకున్న దృశ్యం కాదు. వాన ఆగేవరకు ఏం చేయాలో తోచక, ఆ ఇంట్లో జరుగుతున్న పనినే ఫోనులో పట్టుకున్నారు. బందరు ప్రదర్శనలో ఆడవారి వైపు నుండి మొదటి కలకలం వచ్చినది అక్కడే. “అది మన పనే కదా!” అన్న మాట నాలుగు వైపుల నుండి వినిపించింది. ఆ చేతివేళ్ళు నిజమైనవి, ఆ వంగిన మెడ నిజమైనది. తొందరలో మనసులోని పాత బొమ్మ ఒకటి వచ్చినట్లే, చేయి చాచినంత దూరంలో ఉన్న నిజం కూడా ఒకటి వచ్చింది. మన ప్రేక్షకులు రెండింటినీ వేరుచేసి గుర్తించారు. ఏ న్యాయనిర్ణేత చేయలేని పని అది.

ఆ మూడు క్షణాలను ఉంచాలని పట్టుబట్టినది చిత్రాన్ని కూర్చిన అమ్మాయి. తెరమీద ఆమె పేరు లేదు. ‘ఒక సోదరి’ అని మాత్రమే ఉన్నది. తరువాతి చిత్రంలో పేరు ఉండాలా వద్దా అన్నది ఆమె, ఆమె ఇంటివారు కలిసి తేల్చుకోవలసినది. పని మాత్రం ఆమెదని ఈ సభలో చెప్పడం మా బాధ్యత.

సినిమా మనకెందుకు అన్నవారూ ఉన్నారు. వారి ధార్మిక సంకోచాన్ని మేము గౌరవిస్తాము. కాని ఒక్క మనవి. తెలుగు చలనచిత్ర పితామహుడుగా పేరొందిన రఘుపతి వెంకయ్య మన బందరులో పుట్టినవారు. ఆయన కుమారుడు ప్రకాష్ 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశారు. అక్కినేని, నందమూరి పుట్టినవి గుడివాడ చుట్టుపక్కల పల్లెలు. ఈ నేలమీద సినిమా ఊరి మాటలాగే తిరుగుతుంది. మనం తీయకపోతే మన గురించి సినిమా ఆగదు. వేరొకరు తీస్తారు, మన పిల్లలు దానినే చూసి పెరుగుతారు.

కనుక కుటుంబాలకు మా విన్నపం. పిల్లలు చిత్రం తీసి చూపినపుడు ‘మాషా అల్లాహ్’ అని ఊరుకోకండి, ‘పరువు తీశావు’ అని కసరకండి. ఆ అవ్వలా అడగండి. మన ఇంట్లో ఇలా మాట్లాడతామా? ఇలా ఉంటామా? ఇతనికి దక్కినది హక్కుగా దక్కిందా, దయగా దక్కిందా? ఈ మూడు ప్రశ్నలు చాలు.

యువతకు మా విన్నపం. పోటీ గంట మోగిన తరువాత వెదికితే పాత బొమ్మలే దొరుకుతాయి. ఇప్పటి నుండే ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. పెడనలో కలంకారీ అచ్చు పట్టే చేయి, నాగాయలంకలో వల బాగుచేసే చేయి, కుల ధ్రువపత్రం కోసం కార్యాలయం వరండాలో నిలబడిన తండ్రి, నవ్వుతూ తలుపు మూసిన యజమాని, అన్నీ రాసిపెట్టుకోండి. చూసిన రోజునే రాయండి. మూడు ఊళ్ళ మాటలు ఉన్న మా పుస్తకాన్ని కూడా ఈ సభలోనే మీకు అప్పగిస్తున్నాము. అందులో సగం పేజీలు ఇంకా ఖాళీగా ఉన్నాయి.

సెలవు. ఖుదా హాఫిజ్.