ముఖానికి ఫిల్లర్ ఇంజెక్షన్లు - ఇంటివారు తెలుసుకోవలసిన సంగతులు

మీ వారిని వార్డులో ఉంచి, కాస్త తీరిక చేసుకుని వచ్చారు. రోజూ చెప్పే షుగరు, బీపీ సంగతులు పక్కన పెట్టి ఈరోజు వేరే విషయం మాట్లాడతాను. "డాక్టరుగారూ, పెళ్లి దగ్గరపడింది. అమ్మాయి ముఖానికి ఫిల్లర్ చేయించుకుంటానంటోంది, ఫరవాలేదా?" అని అడిగేవారు ఇప్పుడు ఎక్కువయ్యారు. కాకినాడ, రాజమండ్రి వారే కాదు, కోనసీమ పల్లెల వారు కూడా.

వయసుతోపాటు చర్మం కింద కొవ్వు తగ్గి చెంపలు జారుతాయి. ముక్కు పక్కనుంచి పెదవి చివరిదాకా గీత పడుతుంది. అక్కడ సూదితో జెల్లీ వంటి పదార్థం ఎక్కిస్తే గుంట పూడుతుంది. దానినే ఫిల్లర్ అంటారు. ఎక్కువగా వాడేది హయలురోనిక్ ఆమ్లం. ఇది మన ఒంట్లోనూ ఉంటుంది. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ దీనిని మొదట ఆవు కంటినుంచి వేరుచేశారు. సుమారు ఆరు నెలల నుంచి ఏడాదిన్నరలో దాని ప్రభావం తగ్గిపోతుంది. అంటే ఖర్చు మళ్లీ మళ్లీ తప్పదు.

ముందుగా, చెంపలు ఎందుకు లోతుకు పోయాయో తెలుసుకోవాలి. పెద్దవారికి దవడ పళ్లు ఊడిపోతే చెంపలు గుంటలు పడతాయి. వారికి కావలసింది కట్టుడు పళ్లు. కొద్ది నెలల్లోనే ముఖం పీక్కుపోయిందంటే షుగరు, క్షయ, థైరాయిడ్ పరీక్షలు చేయించాలి. లంక పొగాకు చుట్ట కాల్చేవారికి ముడతలు తొందరగా వస్తాయి. చుట్ట మానకుండా ఎన్ని సూదులు వేయించినా డబ్బు దండగ.

ఇంకో సంగతి మన జిల్లాలవారికి చెప్పాలి. హెచ్‌ఐవీ ఉన్నవారికి మన దేశంలో 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఉచితంగా మందులివ్వడం మొదలుపెట్టింది. వాటిలో స్టావుడిన్ అనే మందు ప్రాణం నిలబెట్టింది గాని, కొందరికి చెంపల్లో కొవ్వును కరిగించేసింది. మనిషి పొలం పని చేసుకునేంత ఆరోగ్యంగా ఉన్నా, ముఖం చూసి వీధిలో గుసగుసలు. ఆ సిగ్గుతో మాత్రలు మానేసినవారూ ఉన్నారు. అదే 2004లో అమెరికా ఈ గుంటలు పూడ్చడానికే ఒక ఫిల్లర్‌ను అనుమతించింది. అంత ఖరీదు మన కూలి కుటుంబాలకు ఎక్కడ అందుతుంది? 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్టావుడిన్‌ను క్రమంగా మానమంది. ఇప్పుడు వాడే మందులు అలా చెంపలు కరిగించవు, కనుక మాత్రలు మాననివ్వకండి. ఫిల్లర్‌ను ఒట్టి సోకు అని నేను కొట్టిపారేయకపోవడానికి కారణం ఇదే. ముఖం వల్ల మనిషి ఎంత కుంగిపోతాడో చూసినవారికి తెలుస్తుంది.

ఇక ప్రమాదం. కాస్త వాపు, కమిలిన మచ్చ మామూలే, వారం పది రోజుల్లో తగ్గుతాయి. అందుకే ముహూర్తానికి ముందు వారంలో ఇది పెట్టుకోకూడదు. అసలు భయం రక్తనాళంతో. ముక్కు చుట్టూ, కనుబొమల మధ్య ఉన్న నాళాలకు కంటి నాళంతో సంబంధం ఉంది. జెల్ పొరపాటున నాళంలోకి వెళితే రక్తం ఆగి చర్మం చచ్చిపోవచ్చు. కంటికి చేరితే చూపు పోవచ్చు, పోయిన చూపు చాలామందికి తిరిగి రాదు. ఇది అరుదే, కాని నిపుణుల చేతిలో కూడా జరిగింది. హయలురోనిక్ ఆమ్లాన్ని కరిగించే విరుగుడు ఉంది, పేరు హయలురోనిడేజ్. అది గంటల్లో పడాలి. సిలికాన్ వంటివాటిని అది కరిగించలేదు.

కాబట్టి చేయించుకునేచోట "విరుగుడు మీ దగ్గర ఉందా?" అని మొదట అడగండి. లేదంటే లేచి వచ్చేయండి. బ్యూటీ పార్లర్లో వద్దు. ఇంటర్నెట్లో కొని సొంతంగా వేసుకోవడం అసలే వద్దు. సూది లేని పెన్నులతో ఫిల్లర్ ఎక్కించుకోవద్దని 2021లో అమెరికా ఔషధ సంస్థ హెచ్చరించింది. సీలు ఉన్న పెట్టె మీ ఎదుటే తెరవాలి, దాని స్టిక్కర్ మీరు తీసుకోవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ముఖం మీద చీము కురుపులున్నవారు వాయిదా వేయాలి. గుండెజబ్బుకు రక్తం పలచబరిచే మాత్రలు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి, సొంతంగా మాత్రలు ఆపకూడదు.

ఇంటికి వచ్చాక సూది వేసినచోట నొప్పి పెరుగుతున్నా, చర్మం తెల్లబడినా, వల అల్లినట్టు ఊదారంగు గీతలు కనిపించినా ఐస్ పెట్టి తెల్లవారేదాకా చూడకండి. వెంటనే ఆ డాక్టరుకు ఫోను చేసి బయలుదేరండి. చూపు మసకబారినా, మాట తడబడినా, మూతి వంకరపోయినా దగ్గరలోని పెద్దాసుపత్రికి వెళ్లండి. ఆ స్టిక్కర్ వెంట తీసుకెళ్లండి, ఏ మందు ఎక్కిందో డ్యూటీ డాక్టరుకు దానివల్లే తెలుస్తుంది.