నల్లబల్ల యొద్ద మాట



ఏ ఉపాధ్యాయుని స్మృత్యర్థము మనమీ విశ్వవిద్యాలయ ప్రాంగణమున సమావేశమైతిమో, ఆయన జీవితమంతయు నల్లబల్ల చెంతనే గడచినది గనుక, నేనును అచ్చటినుండియే ప్రారంభింతును. గణితోపాధ్యాయుడు బల్లపై త్రిభుజమును గీచి, "ఇక్కడినుంచి ఇక్కడికి గీత గీస్తే ఇదీ ఇదీ సమానం" అని వ్రేలితో చూపునప్పుడు, ముందు వరుసలో కూర్చున్న చూపులేని బాలునకు ఆ వాక్యమున పట్టుకొనదగిన మాట యొక్కటియు లేదు. ఆ ఉపాధ్యాయుడే "సమద్విబాహు త్రిభుజమున ఎ శీర్షమునుండి బిసి భూమికి లంబము గీచితిని, అది డి యొద్ద భూమిని రెండు సమభాగములు చేసినది" అని పలికి, దళసరి అట్టపై దారమంటించి చేసిన ఆకృతిని ఆ బాలుని వ్రేళ్ళక్రింద నుంచినచో, పాఠమాతనికి చేరుటయే గాక, వెనుక వరుసలో పరాకుగా నున్న పిల్లలకును తేటపడును. కొరత ఆ మొదటి వాక్యమున నున్నదని నా దృఢాభిప్రాయము. బల్లవైపు మొగము త్రిప్పి మాటలాడు ఉపాధ్యాయుడును, పెదవుల కదలికను చూచి మాట గ్రహించు బాలికకు ఇట్టి అన్యాయమునే చేయుచున్నాడు.

ఈ కొరతయే నిబంధనయై కూర్చున్న ఉదంతము మన యెరుకలోనిదే. మచిలీపట్టణ ప్రాంతపు సీతారామపురమున జన్మించి, హైదరాబాదులో అంధుల పాఠశాలయందు చదివిన బొల్లా శ్రీకాంత్ పదవ తరగతి పిమ్మట విజ్ఞానశాస్త్రము చదువనెంచగా, పటములను చూడజాలడను హేతువుచే అనుమతి నిరాకరింపబడినది. న్యాయస్థానమున వ్యాజ్యము నడపి, అనుమతి సాధించి, పండ్రెండవ తరగతిలో నూటికి 98 వంతుల మార్కులు పొంది, అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చేరి, తిరిగివచ్చి 2012లో పరిశ్రమను స్థాపించెను. ఆయనను కొనియాడుట ఉచితమే. కాని పాఠము వినుటకై ఒక బాలుడు కోర్టు మెట్లెక్కవలసి వచ్చుట ఎంత దారుణము! అంతటి పట్టుదలయు, అండయు లేని పిల్లల చదువు నిశ్శబ్దముగా ఆగిపోవుచున్నది.

1995 నాటి వికలాంగుల చట్టము 7 విధముల వైకల్యములను గుర్తింపగా, 2016 నాటి చట్టము 21 విధములను గుర్తించి, నూటికి 40 వంతులకు తక్కువగాని వైకల్యముగల పిల్లలకు 6 మొదలు 18 ఏండ్ల వరకు ఉచిత విద్యను హక్కుగా నొసంగినది. పరీక్షలో అదనపు సమయము, వ్రాయసకాని సహాయము అందుననే చెప్పబడినవి. ఇవి పరీక్షనాటి మేళ్ళు. ఏడాది పొడుగునా తరగతిలో జరుగవలసినది ఉపాధ్యాయుని చేతిలోనిది.

ఇందుకు ఈ ప్రాంగణ చరిత్రయే దృష్టాంతము. 1918లో ఈ ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూను బోధనభాషగా గైకొన్నప్పుడు, విద్యయే విద్యార్థి చెంతకు రావలెనను భావము ఇచ్చట వేరూనినది. అయినను తెలుగు, మరాఠీ, కన్నడ బిడ్డల కా మేలు దక్కలేదు. ఎవరిని తలచుకొని పాఠము సిద్ధము చేయుదుమో వారికే అది అందును.

కావున నిర్వాహకులకొక విన్నపము. పదవ తరగతి తెలుగు గణిత పాఠ్యపుస్తకములోని పటములన్నింటిని చేతితో తడవి తెలిసికొనదగిన అట్టలపై ఈ స్మారక నిధితో తయారుచేయించి, చుట్టుపట్ల ప్రభుత్వ పాఠశాలల కందజేయుడు. నాకీయదలచిన పారితోషికమును మొదట ఆ ఖాతాలోనే జమకట్టుడు.