పుస్తకంలో కొడుకు, తెరమీద తండ్రి

(వరంగల్ మట్టెవాడ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నవలను సినిమా తీస్తే చదువుకున్నోళ్ళు ఒకటే అడుగుతరు: పుస్తకంలో ఉన్నట్టే తీసిండ్రా, లేదా? మనం అడగాల్సింది అది కాదు. పుస్తకంలో లేనిది ఏం కలిపిండ్రు? ఉన్నోళ్ళల్ల ఎవర్ని పక్కకు జరిపిండ్రు? ఇదీ మన ప్రశ్న.

తెలంగాణ సాయుధ పోరాటం మీద కిషన్‌చందర్ ఉర్దూలో ‘జబ్ ఖేత్ జాగే’ నవల రాసిండు. దాని ఆధారంగానే 1979లో గౌతమ్ ఘోష్ ‘మా భూమి’ తీసిండు. ఆ నవల చదివినోళ్ళు మనలో ఎందరు? కాని ఆ సినిమాలో గద్దర్ పాడిన బండి యాదగిరి పాట తెలియని వాడ లేదు. ఆ పాట నవల ఇచ్చింది కాదు, మన జనం ఇచ్చింది.

2021లో వచ్చిన ‘నారప్ప’ మీలో చాలామంది చూసే ఉంటరు. అది 2019 నాటి తమిళ ‘అసురన్’కు తెలుగు. దానికి మూలం పూమణి 1982లో తెచ్చిన ‘వెక్కై’ నవల. వెక్కై అంటే ఉడుకు. అన్నను చంపించిన భూస్వామిని పదిహేనేండ్ల పిల్లగాడు నరికి, తండ్రితో ఎనిమిది రోజులు అడవిపట్టి తిరుగుతడు. కథంతా ఆ పిల్లగాని వెంటే నడుస్తది.

సినిమాకొచ్చేసరికి నడిమిట్ల తండ్రి వచ్చి కూసున్నడు. ఎందుకంటే తండ్రి వేషం అక్కడ ధనుష్‌ది, ఇక్కడ వెంకటేశ్‌ది. పెద్ద హీరో ఉన్నకాడ పిల్లగానికి జాగ ఉండదు. మన పిల్లగాని కోపం వీరుని ఫైటింగు అయింది. ఇది నష్టం.

లాభమూ ఉంది. ‘అసురన్’లో దర్శకుడు వెట్రిమారన్ నవలలో లేని సంగతులు కలిపిండు: పంచమి భూములు, చెప్పులేసుకున్న పిల్లను కొట్టుడు, గుడిసెలకు నిప్పు పెట్టుడు. 1968లో కీళ్‌వెణ్మణిలో 44 మందిని కాల్చి చంపిన దేశం ఇది. 1985 కారంచేడు, 1991 చుండూరు తెలిసిన మనకు ఆ మంట కొత్తది కాదు.

పంచమి భూములంటే బ్రిటిష్ కాలంలో మద్రాసు రాజ్యంలో దళితులకిచ్చినవి. వేరేటోళ్ళు కొనరాదన్నరు. అయినా చేతులు మారినయి. మన అసైన్డు భూముల కథా అంతే. అమ్మినా, కొన్నా చెల్లదని 1977 చట్టం చెప్పింది. మరి ఎన్ని ఎకరాలు మన చేతుల్లో మిగిలినయి?

అందుకే సినిమా చూసి చప్పట్లు కొట్టి ఊకోకుండ్రి. ఇంటికి పొయ్యి పట్టా కాగితం తియ్యుండ్రి. కాగితంలో ఎవరి పేరుంది? పొలం ఎవరు దున్నుతున్నరు? ఈ రెండింటి నడుమ ఒక నవల ఉంది. దాన్ని మన పిల్లలే రాయాలె. అప్పుడు సినిమా ఎవరు తీసినా, నడిమిట్ల ఎవరుండాల్నో మనం అడగొచ్చు.